కంట్రోలర్ కలవకపోతే తీగ దగ్గర మొదలుపెట్టండి

అవగాహన: కంప్యూటర్ హార్డ్‌వేర్, పరికరాల మరమ్మతు

ఐటీఐలో కంప్యూటర్ హార్డ్‌వేర్ అండ్ నెట్‌వర్క్ మెయింటెనెన్స్ ట్రేడ్ చదివేవారికి, కాంప్‌టియా ఏ ప్లస్ రాయబోయేవారికి, ఆర్ఆర్‌బీ జేఈలో కంప్యూటర్ విభాగం దాటాల్సినవారికి తరచూ ఎదురయ్యే అంశాలు కొన్ని ఉన్నాయి. యూఎస్‌బీ, బ్లూటూత్, డ్రైవర్, పోర్టు, ట్రబుల్‌షూటింగ్. పుస్తకంలో ఒక్కొక్కటి ఒక్కో అధ్యాయం. ఇవన్నీ ఒకేచోట పరీక్షకు నిలబడే వస్తువు చాలా ఇళ్లలో ఉంది: పిల్లలు ఆడుకునే గేమ్ కంట్రోలర్. అది కంప్యూటర్‌తో ఎందుకు కలవలేదో వరుస తప్పకుండా చెప్పగలిగితే ఆ అధ్యాయాల్లో సగం వచ్చేసినట్టే.

'కలవలేదు' అన్న ఫిర్యాదులో నిజానికి అయిదు ప్రశ్నలు దాగి ఉంటాయి. కరెంటు అందిందా? సమాచారం నడిచే దారి ఉందా? వచ్చినది ఫలానా పరికరమని కంప్యూటర్ పోల్చుకుందా? దానికి తగిన డ్రైవర్ దొరికిందా? గేమ్‌కు ఆ కంట్రోలర్ భాష తెలుసా? ఈ అయిదూ ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయి. మొదటిది తేలకుండా నాలుగోదానికి దూకితే గంటలు గడుస్తాయి గాని పని జరగదు. డ్రైవర్ తీసేసి మళ్లీ వేయడం అందరికీ ముందు తట్టే జవాబు. నన్నడిగితే అది దాదాపు చివర తట్టాల్సిన జవాబు.

రిచీ స్ట్రీట్‌లో ముందు చూసేది

చెన్నైలో ఎలక్ట్రానిక్స్ అనగానే గుర్తొచ్చేది మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్. దాన్ని ఆనుకుని నరసింగపురం వీధి, కాస్త నడిస్తే చింతాద్రిపేట. (చరిత్ర చదివేవారికి: 1734లో గవర్నర్ జార్జ్ మోర్టన్ పిట్ నేతగాళ్ల కోసం చింతాద్రిపేట కట్టించింది కంపెనీ వర్తకుడు సుంకురామ చెట్టి తోట ఉన్న చోటే. నేతకారులకు కట్టిన పేట పక్కన ఇప్పుడు తీగలు, చిప్పులు అమ్ముతున్నారు.) తమిళులే కాదు, సూళ్లూరుపేట, గూడూరు వైపు నుంచి రైలెక్కి వచ్చే మన పిల్లలూ ఈ వీధిలో బాగానే కనిపిస్తారు.

అక్కడి కౌంటర్ల దగ్గర మామూలుగా జరిగే ముచ్చట ఇది. కుర్రాడు సంచిలోంచి కంట్రోలర్, దాని కేబుల్ తీసి పెడతాడు. "అన్నా, ఛార్జింగ్ లైటు వెలుగుతోంది. కంప్యూటర్లో మాత్రం కనపడట్లేదు. డ్రైవర్ పోయిందేమో." కొట్టతను కంట్రోలర్ వంక చూడనైనా చూడడు. కుర్రాడి కేబుల్ పక్కకు నెట్టి, కౌంటర్ అంచున ఎప్పుడూ వేలాడుతుండే తన కేబుల్ గుచ్చుతాడు. కంప్యూటర్ 'టిడింగ్' అంటుంది. "కేబుల్‌దాన్ తంబీ" (కేబులే తమ్ముడూ) అని తన పనిలో పడిపోతాడు.

ఆ కొద్ది క్షణాల్లో అతను చేసినదానికి పుస్తకాల్లో పేరుంది. బాగా పనిచేస్తుందని ముందే తెలిసిన భాగాన్ని అనుమానమున్న భాగం స్థానంలో పెట్టి చూడటం, అంటే ప్రతిక్షేపణ పరీక్ష. ఒకసారికి ఒక్కటే మార్చాలి. కేబుల్, పోర్టు, డ్రైవర్ మూడూ ఒక్కసారే మార్చితే పనిచేసినా ఎందుకు పనిచేసిందో తెలియదు. వచ్చే వారం మళ్లీ చెడితే మొదటికే వస్తాం. ఇంట్లో రెండో కంప్యూటర్ లేకపోయినా ఈ పరీక్షకు అడ్డేమీ లేదు. అదే కేబుల్‌తో ఫోన్‌ను కంప్యూటర్‌కు కలపండి. ఫైళ్లు పంపే వీలు ఫోన్ తెరమీద వస్తే కేబుల్‌లో సమాచార తీగలు ఉన్నట్టే. ఛార్జింగ్ మాత్రమే అవుతుంటే దొంగ దొరికినట్టే.

కేబుల్ లోపల ఏముంది?

మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్ కోసి చూస్తే నాలుగు తీగలుంటాయి. ఎరుపు 5 వోల్టుల కరెంటుకు, నలుపు గ్రౌండుకు, ఆకుపచ్చ, తెలుపు సమాచారానికి. ఆకుపచ్చను డీ ప్లస్ అనీ, తెలుపును డీ మైనస్ అనీ అంటారు. చవక ఛార్జింగ్ కేబుళ్లలో ఈ చివరి రెండూ ఉండవు. అందుకే లైటు వెలుగుతుంది, కంప్యూటర్ పలకదు. లైటు వెలిగిందంటే మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు వచ్చింది. రెండో ప్రశ్న అలాగే ఉంది.

టైప్ సీ కేబుళ్లలో మరో చిక్కుంది, ఇది పుస్తకాల్లో అంతగా కనపడదు. రెండువైపులా టైప్ సీ ఉన్న కేబుల్‌లో, అవతలి చివర ఒక పరికరం ఉందని తేలేదాకా కంప్యూటర్ కరెంటు వదలదు. అది తేలడానికి పరికరంలో 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు ఉండాలి. కొన్ని చవక కంట్రోలర్లలో తయారీదారు వాటిని మిగుల్చుకుంటాడు. అలాంటిది సీ నుంచి సీ కేబుల్‌తో పూర్తిగా చచ్చినట్టు పడి ఉంటుంది. పాత వెడల్పాటి టైప్ ఏ పోర్టుకు కలిపితే లేచి కూర్చుంటుంది. కంట్రోలర్ పాడైందని పారేసేముందు ఇది చూడాలి.

పరీక్షకు కొన్ని తేదీలు. ఐబీఎం తన పీసీకి గేమ్ అడాప్టర్‌ను 1981లో తెచ్చింది. తర్వాత చాలాకాలం సౌండ్ కార్డుల మీద 15 పిన్నుల గేమ్ పోర్టు ఉండేది. యూఎస్‌బీ 1.0 నిర్దేశాలు 1996 జనవరిలో వచ్చాయి. వేగాలు సెకనుకు 1.5, 12 మెగాబిట్లు. 2000లో వచ్చిన 2.0 వేగం 480 మెగాబిట్లు, 2008లో వచ్చిన 3.0 వేగం 5 గిగాబిట్లు. మామూలు పోర్టు ఇచ్చే కరెంటు 2.0లో 500 మిల్లీ ఆంపియర్లు, 3.0లో 900. ఇంటెల్‌లో యూఎస్‌బీ రూపకల్పనకు దారి వేసినవారిలో ముఖ్యుడు అజయ్ భట్. వడోదరలో పుట్టి అక్కడి మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయంలో చదివారు. ఈ పేరు జనరల్ నాలెడ్జ్ పేపర్లో కూడా అడగొచ్చు.

పోల్చుకోవడం: తెర వెనక వరుస

కంట్రోలర్ గుచ్చిన క్షణంలో జరిగే తతంగాన్ని ఎన్యూమరేషన్ అంటారు. పరికరంలోని 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒక సమాచార తీగను పైకి లాగుతుంది. ఎవరో వచ్చారని కంప్యూటర్‌కు తెలిసేది అక్కడే. డీ ప్లస్ పైకి లేస్తే వేగవంతమైన పరికరం, డీ మైనస్ లేస్తే నెమ్మది పరికరం. తర్వాత కంప్యూటర్ దాన్ని రీసెట్ చేసి చిరునామా ఇస్తుంది. చిరునామాకు 7 బిట్లు. సున్నా కొత్తగా వచ్చినవారికి కేటాయించింది కనుక కంప్యూటర్‌లోని ఒక హోస్ట్ కంట్రోలర్ చిప్ కింద గరిష్ఠంగా 127 పరికరాలు. అప్పుడు నువ్వెవరని అడుగుతుంది. పరికరం తన డిస్క్రిప్టర్ చదివి వినిపిస్తుంది. అందులో తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్య ఉంటాయి, ఒక్కోటి 16 బిట్లు. ఈ రెండు సంఖ్యలను బట్టి, పరికరం ఏ తరగతిదో బట్టి విండోస్ డ్రైవర్ వెతుకుతుంది.

ఈ వరుస తెలిసినవాడికి డివైస్ మేనేజర్‌లో కనిపించే సంకేతాలు బట్టీ పట్టే పని లేదు. గుచ్చినా శబ్దం లేదు, జాబితా కదలలేదు అంటే సమాచార తీగల దాకా రాలేదు: కేబుల్, పోర్టు, సాకెట్. శబ్దం వచ్చింది గాని 'అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్, డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్' అని ఉంటే తలుపు తట్టినవాడు పేరు చెప్పలేకపోయాడన్నమాట. దీనికే తరచూ కోడ్ 43 వస్తుంది. నలిగిన కేబుల్, కరెంటు చాలని హబ్, పరికరం లోపలి చిప్ ముందుగా అనుమానించాల్సినవి. కోడ్ 28 అంటే డ్రైవర్ లేదు. కోడ్ 10 అంటే పరికరం మొదలుకాలేకపోయింది. కోడ్ 22 అంటే ఎవరో దాన్ని ఆపిపెట్టారు, ఎనేబుల్ నొక్కితే చాలు. కోడ్ 45 అంటే ప్రస్తుతం కలిపి లేదు. డ్రైవర్‌ను మళ్లీ వేయడం 28, 10 సంకేతాలకు సరైన మందు. 43కు కొన్నిసార్లు పనిచేస్తుంది. తెగిన తీగకు ఎన్నిసార్లు వేసినా ఉపయోగం లేదు.

డెస్క్‌టాప్ అయితే పెట్టె ముందు పోర్టులను నమ్మకండి. అవి మదర్‌బోర్డుకు లోపలి తీగతో కలిసి ఉంటాయి. ఆ తీగ వదులైనా, నాసిరకమైనా బాధ కంట్రోలర్‌దిలా కనిపిస్తుంది. హబ్ తీసేసి నేరుగా వెనక పోర్టుకు కలిపి చూడండి. కాసేపు పనిచేసి తర్వాత మాయమయ్యే కంట్రోలర్ విషయం వేరు. విద్యుత్ పొదుపు కోసం విండోస్ ఖాళీగా ఉన్న యూఎస్‌బీ పోర్టును నిద్రపుచ్చుతుంది. డివైస్ మేనేజర్‌లో రూట్ హబ్ లక్షణాల్లో పవర్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఆ అనుమతి టిక్కు తీసేస్తే సరిపోతుంది.

ఇంకో చిన్న సంగతి. విండోస్ 10, 11లో ఫాస్ట్ స్టార్టప్ ఉన్నప్పుడు షట్‌డౌన్ చేస్తే కెర్నల్ స్థితి డిస్కులో దాచి ఉంటుంది, మర్నాడు అదే మళ్లీ లేస్తుంది. డ్రైవర్లు నిజంగా మొదటినుంచి మొదలవ్వాలంటే రీస్టార్ట్ చేయాలి. 'రాత్రి ఆపి పొద్దున వేశాను, ఇంకా అంతే' అన్నవారికి ఇదే సమాధానం.

గాలిలో కలిసేవాటి సంగతి

వైర్‌లెస్ కంట్రోలర్లు మూడు దారుల్లో కలుస్తాయి: బ్లూటూత్, తమ డబ్బాలో వచ్చిన సొంత డాంగిల్, ఎక్స్‌బాక్స్ వైర్‌లెస్‌లా కంపెనీ ప్రత్యేక రేడియో. మీ చేతిలోది ఏ దారిదో తెలియకుండా బ్లూటూత్ జాబితాలో వెతకడం వృథా. ఉదాహరణకు 2013లో వచ్చిన మొదటి ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్‌లో బ్లూటూత్ లేదు. 2016లో ఎక్స్‌బాక్స్ వన్ ఎస్‌తో వచ్చినదాని నుంచి ఉంది. పెట్టె పోయినా గుర్తు తెలుస్తుంది: మధ్యలోని ఎక్స్‌బాక్స్ మీట చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ముందుభాగంతో ఒకే ముక్కగా కలిసి ఉంటే బ్లూటూత్ ఉన్నట్టు, పైనున్న మెరిసే ముక్కలో భాగంగా ఉంటే లేనట్టు.

ఆన్ చేయడం వేరు, జత కట్టించడం వేరు. ఈ తేడా తెలియకే ఎక్కువమంది ఆగిపోతారు. కంట్రోలర్ ఆన్ చేస్తే అది పాత జతగాణ్ణి వెతుక్కుంటుంది. కొత్త కంప్యూటర్‌కు కనిపించాలంటే పెయిరింగ్ స్థితిలోకి వెళ్లాలి. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌కు పైన చిన్న జత మీట ఉంటుంది, దీపం వేగంగా మిణుకుమనేదాకా పట్టుకోవాలి. ప్లేస్టేషన్ 5 డ్యూయల్‌సెన్స్‌కు క్రియేట్, పీఎస్ మీటలు కలిపి పట్టుకోవాలి. పాత డ్యూయల్‌షాక్ 4కు షేర్, పీఎస్. ఇంట్లో ప్లేస్టేషన్ కూడా ఉంటే పీఎస్ మీట నొక్కగానే పక్కగదిలో అది లేస్తుంది, కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు దేవుళ్లకు మొక్కుకుంటుంటాడు. ఒకప్పుడు కలిసి ఇప్పుడు కలవకపోతే విండోస్ బ్లూటూత్ జాబితాలోంచి ఆ పేరు తీసేసి కొత్తగా జత కట్టించాలి. జత కట్టినప్పుడు రెండువైపులా దాచుకున్న రహస్య తాళాల్లో (కీ) ఒకటి మారిపోయినప్పుడు వేరే దారి లేదు. ఇంతకుముందు బ్యాటరీ చూశారా? నీరసించిన సెల్‌తో దీపం వెలుగుతుంది, జత మాత్రం నిలవదు.

ఇక రేడియో. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో. 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ దాకా తక్కువ శక్తి పరికరాలకు మనదేశంలో 2005 నిబంధనలతో లైసెన్సు మినహాయింపు వచ్చింది. దీన్ని చూసేది టెలికమ్యూనికేషన్ల శాఖ కిందున్న వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం, 1952లో ఏర్పడింది. లైసెన్సు అక్కర్లేదు కనుక వైఫై, వైర్‌లెస్ మౌస్, కంట్రోలర్, వంటింట్లో మైక్రోవేవ్ అన్నీ అక్కడే చేరాయి. వేళచేరి, పెరంబూర్ ఫ్లాట్లలో వైఫై జాబితా తెరిస్తే పైనుంచి కిందిదాకా పక్కింటివాళ్ల పేర్లే. ఆ రద్దీని తట్టుకోడానికి క్లాసిక్ బ్లూటూత్ 79 చానళ్ల మధ్య సెకనుకు 1,600 సార్లు గెంతుతుంది. రద్దీ ఉన్న చానళ్లను వదిలేసే తెలివి 2003 నాటి 1.2 వెర్షన్‌తో వచ్చింది. బ్లూటూత్ లో ఎనర్జీలో చానళ్లు 40. ఈ సంఖ్యలు పరీక్షలో తారుమారు చేసి అడుగుతారు.

అన్నిటికంటే ఆసక్తికరమైన శత్రువు కంప్యూటర్‌లోనే ఉంటుంది. యూఎస్‌బీ 3.0 పోర్టు, దానికి తగిలించిన హార్డ్ డిస్క్ పనిచేసేటప్పుడు సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ రేడియో రొద పుట్టిస్తాయి. ఇంటెల్ దీనిపై 2012లో ఒక పత్రమే వెలువరించింది. వెనక నీలం (3.0) పోర్టులో డాంగిల్, పక్క నీలం పోర్టులో డిస్క్ ఉంటే సినిమా కాపీ అవుతున్నంతసేపూ ఆటలో మనిషి తనంతట తాను గోడకు గుద్దుకుంటుంటాడు. మందు చవక: ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో డాంగిల్‌ను బల్లమీదికి తీసుకురావడం, లేదా నల్లని 2.0 పోర్టుకు మార్చడం. వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చితే ఇంకా నయం.

డెస్క్‌టాప్ వాళ్లకు మాత్రమే వచ్చే బాధ ఒకటుంది. మదర్‌బోర్డులో వైఫై, బ్లూటూత్ ఉన్నాయంటారు. వెనక రెండు బంగారురంగు మరలు ఖాళీగా ఉంటాయి. యాంటెన్నాలు డబ్బాలోనే, అటకమీద. బ్లూటూత్ కూడా వాటి మీదే ఆధారపడుతుంది. అవి లేకుండా కంట్రోలర్ పెట్టెకు ఆనించినప్పుడు కలుస్తుంది, కుర్చీలో కూర్చోగానే తెగిపోతుంది. బిగించడం అరనిమిషం పని.

కలిసింది, గేమ్ మాత్రం పలకదు

ఇక్కడికి వచ్చారంటే హార్డ్‌వేర్ తప్పు లేదు. నిర్ధారించుకోడానికి విండోస్‌లో ఓ పాత సాధనం ఉంది. రన్ పెట్టెలో జాయ్ డాట్ సీపీఎల్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే గేమ్ కంట్రోలర్ల కిటికీ తెరుచుకుంటుంది. ప్రాపర్టీస్‌లో మీటలు నొక్కితే ఎర్రదీపాలు వెలగాలి, బొటనవేలితో తిప్పే కర్ర (స్టిక్) కదిపితే గుర్తు కదలాలి. ఇక్కడ కదిలి గేమ్‌లో కదలకపోతే సమస్య భాషది.

ఆ భాషలు రెండు. పాతది డైరెక్ట్‌ఇన్‌పుట్, ఎన్ని మీటలున్నా, స్టీరింగ్ ఉన్నా ఒప్పుకుంటుంది, కాని ఏ మీట దేనికో గేమ్ ఊహించుకోవాలి. 2005లో ఎక్స్‌బాక్స్ 360తో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎక్స్‌ఇన్‌పుట్‌లో మీటల పేర్లు ముందే ఖరారు, ఒకేసారి నాలుగు కంట్రోలర్లే గరిష్ఠం. కొత్త గేములు చాలావరకు ఎక్స్‌ఇన్‌పుట్ మాత్రమే వింటాయి. చవక కంట్రోలర్లు రెండూ మాట్లాడతాయి గాని ఒకసారికి ఒకటే. చాలావాటిలో మధ్య మీటను కొన్ని సెకన్లు పట్టుకుంటే భాష మారి దీపాల వరుస మారుతుంది. ఏ వరుస ఏ భాషో ఆ కంపెనీ కాగితంలోనే చూడాలి. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌ను డైరెక్ట్‌ఇన్‌పుట్ కళ్లతో చూస్తే ఎడమ, కుడి ట్రిగ్గర్లు ఒకే అక్షం మీద ఒకదానికొకటి ఎదురు కదులుతాయి. అది పాడవడం కాదు, పాత భాష పరిమితి.

ప్లేస్టేషన్ కంట్రోలర్‌కు దుబాసీ కావాలి. స్టీమ్‌లో ఆ పని స్టీమ్ ఇన్‌పుట్ చేస్తుంది. స్టీమ్ బయట డీఎస్4విండోస్ లాంటి ప్రోగ్రాములున్నాయి. ఇద్దరు దుబాసీలను ఒకేసారి పెట్టుకుంటే ఒక మీట నొక్కితే రెండు నొక్కినట్టు గేమ్‌కు వినపడుతుంది. మెనూలో ఒక అడుగు బదులు రెండు అడుగులు దూకడం దాని లక్షణం. ఒకదాన్ని ఆపాలి. లినక్స్ వాళ్లకు ఈ గొడవ తక్కువ: 2021లో వచ్చిన 5.12 కెర్నల్ నుంచి డ్యూయల్‌సెన్స్‌కు సోనీ సొంతంగా రాసిన డ్రైవర్ ఉంది. ఇంకొకటి: కొన్ని గేములు మొదలయ్యేటప్పుడే కంట్రోలర్ కోసం చూస్తాయి, తర్వాత గుచ్చితే పట్టించుకోవు. ముందు కలిపి, తర్వాత గేమ్ తెరవడం అలవాటు చేసుకుంటే మంచిది.

సముద్రపు గాలి

తిరువాన్మియూర్, రాయపురం లాంటి తీరపు పేటల్లో ఉప్పుగాలి, తేమ కనెక్టర్లను తింటాయి. సాకెట్‌లో పచ్చటి పొర కనిపిస్తే అది రాగి తుప్పు. కరెంటు తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. టైప్ సీ సాకెట్‌లో జేబు నూగు పేరుకుని ప్లగ్గు సగమే దిగడమూ ఉంటుంది. చెక్క పుల్లతో తీయాలి, గుండుసూదితో కాదు. కర్ర వదిలేసినా బొమ్మ తనంతట నడవడం, అంటే డ్రిఫ్ట్, కనెక్షన్ సమస్య కాదు. కర్ర కిందున్న పొటెన్షియోమీటర్‌లో కార్బన్ పట్టీ అరిగిపోవడం దాని ప్రధాన కారణం. రాపిడి లేకుండా అయస్కాంతంతో కొలిచే హాల్ సెన్సర్ కర్రలు ఇప్పుడు దొరుకుతున్నాయి. వాటికి ఆధారమైన ప్రభావాన్ని ఎడ్విన్ హాల్ కనుగొన్నది 1879లో.

మార్కుల కోసం ఆరు దశలు

కాంప్‌టియా పద్ధతిలో వరుస ఇది: సమస్యను గుర్తించడం, కారణాన్ని ఊహించడం, ఊహను పరీక్షించడం, చర్యకు పథకం వేసి అమలు చేయడం, అంతా పనిచేస్తోందని సరిచూసి మళ్లీ రాకుండా జాగ్రత్తపడటం, చేసినదంతా రాసిపెట్టడం. వ్యాస ప్రశ్నకు వీటిని ఉత్తినే రాస్తే సగం మార్కులే. కంట్రోలర్ మీద పెట్టి రాయండి. మొదటి దశలో 'నిన్నటిదాకా పనిచేసిందా, మధ్యలో ఏం మారింది' అని అడగాలి. విండోస్ అప్‌డేటా, కొత్త హార్డ్ డిస్కా, ఇల్లు సర్దడమా. రెండో దశలో కంటికి కనిపించేదాన్నే ముందు అనుమానించాలి. అయిదో దశలో కంట్రోలర్ వెలగడంతో ఆగకుండా గేమ్ తెరిచి ఆడి చూడాలి. విద్యార్థులు మరిచిపోయేది ఆరోదే, పరీక్షలో వరుసగా పెట్టమన్నప్పుడు తప్పు పోయేదీ దాని దగ్గరే.

పక్కనే ఉన్న కరెంట్ అఫైర్స్

ఎలక్ట్రానిక్స్ వస్తువులకు బీఐఎస్ తప్పనిసరి నమోదు ఉత్తర్వు 2012లో వచ్చింది. తొలి జాబితాలోనే ఎలక్ట్రానిక్ వీడియో గేములు, వైర్‌లెస్ కీబోర్డులు ఉన్నాయి. నమోదైన వస్తువు మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూడొచ్చు. ఇక ఆటల పోటీల వైపు చూస్తే, 2022 డిసెంబరులో ఈ-స్పోర్ట్స్‌ను కేంద్రం క్రీడల శాఖకు అప్పగించింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రదర్శన పోటీగా జరిగిన హార్త్‌స్టోన్ అనే వీడియో గేమ్‌లో తీర్థ్ మెహతా కాంస్యం గెలిచారు. పతక క్రీడగా మొదటిసారి పెట్టింది 2023లో జరిగిన హాంగ్జౌ క్రీడల్లో. డబ్బు పందెం గేములను నిషేధించి ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. కంట్రోలర్ పట్టుకుని ఇంట్లో ఆడుకునే ఆటకు ఈ నిషేధంతో సంబంధం లేదు, కలిపి రాయకండి.

మాదిరి ప్రశ్నలు

1. కంట్రోలర్‌ను కేబుల్‌తో కలిపితే ఛార్జ్ అవుతోంది, డివైస్ మేనేజర్‌లో ఏ మార్పూ లేదు. మొదట చేయాల్సింది?
(ఎ) డ్రైవర్ మళ్లీ వేయడం (బి) విండోస్ మళ్లీ వేయడం (సి) సమాచార తీగలున్న కేబుల్ మార్చి చూడటం (డి) బయోస్ అప్‌డేట్
జవాబు: సి. పరికరం వచ్చిందనే కంప్యూటర్‌కు తెలియనప్పుడు డ్రైవర్ మాట ఎత్తడానికే లేదు.

2. ఒక యూఎస్‌బీ హోస్ట్ కంట్రోలర్ కింద గరిష్ఠ పరికరాలు?
(ఎ) 64 (బి) 127 (సి) 128 (డి) 255
జవాబు: బి. 7 బిట్లు అంటే 128 అని గుర్తుపెట్టేస్తారు. సున్నా చిరునామాను తీసేయాలి.

3. జతపరచండి: కోడ్ 22, కోడ్ 28, కోడ్ 43, కోడ్ 45. (అ) డ్రైవర్ లేదు (ఆ) పరికరం కలిపి లేదు (ఇ) ఆపిపెట్టారు (ఈ) పరికరమే తప్పు తెలిపినందున విండోస్ ఆపింది.
జవాబు: 22-ఇ, 28-అ, 43-ఈ, 45-ఆ.

4. ప్రతిపాదన: యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్ పక్కనున్న వైర్‌లెస్ డాంగిల్ తడబడవచ్చు. కారణం: యూఎస్‌బీ 3.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది.
జవాబు: ప్రతిపాదన సరైనది, కారణం తప్పు. 3.0 ఇచ్చేది 900. పైగా తడబాటుకు మూలం కరెంటు కాదు, 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరి రొద.

5. జాయ్ డాట్ సీపీఎల్ కిటికీలో మీటలన్నీ పనిచేస్తున్నాయి. పాత గేమ్ ఆడుతోంది, కొత్తది కంట్రోలర్ లేదంటోంది. కారణం ఏమై ఉండొచ్చు? (2 మార్కులు)
జవాబు: కేబుల్, పోర్టు, డ్రైవర్ బాగున్నాయని కిటికీ, పాత గేమ్ రెండూ రుజువు చేశాయి. కంట్రోలర్ డైరెక్ట్‌ఇన్‌పుట్ స్థితిలో ఉంది, కొత్త గేమ్ ఎక్స్‌ఇన్‌పుట్ మాత్రమే వింటోంది. మోడ్ మార్చి, గేమ్ మూసి మళ్లీ తెరవాలి. 'కేబుల్ మార్చాలి' అని రాస్తే మార్కులు రావు. ఆ మెట్టు ఇక్కడ దాటేశాం.